పూసల కళ్ళద్దాలు

"పూసల కళ్ళద్దాలు తుడిచి పెట్టినావా?" స్నానాలగదిలోంచే అరిచాడు మా ఆయన రాఘవేంద్రప్రసాద్.

తుడిచాను. ఇడ్లీపిండి చేతులు కడుక్కుని, కళ్ళద్దాల అంచున ఉన్న ఐదు పూసలూ మెత్తటి గుడ్డతో ఒక్కొక్కటే తుడిచాను. కల్లూరులో మా టైల్స్ షాపు పైగదిలో మూడు గోడల మీదా నేల మీదా ఇంకా కట్టని ఇల్లు బొమ్మగా పడుతుంది. పైకప్పులోని కెమెరాలు ఆ పూసలను బట్టి, కళ్ళద్దాలు పెట్టుకున్న మనిషి తల ఎక్కడుందో కనిపెట్టి, ఆ కళ్ళకు సరిపోయేట్టు ఇంటిని గీస్తాయి. తక్కినవాళ్ళకు పూసలు లేని మామూలు కళ్ళద్దాలు. వాళ్ళకూ ఇల్లు కనిపిస్తుంది గానీ, పూసల మనిషికి దూరమయ్యేకొద్దీ స్తంభాలు ఒరుగుతాయి, మెట్లు వంకరపోతాయి.

ఇదంతా రెండేళ్ళు కూర్చుని చేసింది నేను. పొయ్యి మీద పప్పు, ఒళ్ళో ల్యాప్‌టాప్. "కంప్యూటరు ముందర కూర్చునేది గూడా ఒక పనేనా? పప్పు అడుగంటినట్టుండాది సూడు" అనేది మా అత్త నాగేంద్రమ్మ. పప్పు మాడిన రోజులన్నీ ఆవిడకు తేదీలతో సహా గుర్తు. పని ముగిశాక షాపుకొచ్చేవాళ్ళకు పంచడానికి అచ్చువేయించిన కాగితంలో, తయారుచేసినవారు అన్నచోట ఆయన పేరొక్కటే ఉంది. అడిగితే "నీ పేరూ నా పేరూ వేరేనా?" అన్నాడు. వేరు కానప్పుడు నాదే వేయొచ్చు కదా అని నోటిదాకా వచ్చింది, మింగాను. సొమ్మొకడిది, సోకొకడిది. ఎవరొచ్చినా పూసలవి ఆయనకు, మామూలువి నాకు. నేను చేసిన ఇంటిని నేను ఎప్పుడూ వంకరగానే చూశాను.

ఇవాళ ఎర్రగుంట్ల నుంచి సుబ్బలక్ష్మమ్మ వచ్చింది. అక్కడ ఇళ్ళు కట్టి అమ్ముతుంది. ఇలాంటి గదులు మూడు కావాలట. ఆయన ఆమెకు నన్ను చూపించి, "మా ఇంటామె. స్విచ్చులు ఏస్తాది" అన్నాడు నవ్వుతూ.

ఆ నవ్వుకు నా ఒళ్ళు మండిపోయింది. కళ్ళద్దాల పెట్టె నా చేతిలోనే ఉంది. ఆమెకూ ఆయనకూ మామూలువి ఇచ్చి, పూసలవి నేను పెట్టుకున్నాను. ఆయన గమనించనే లేదు. నేనేమిచ్చినా చూడకుండా అందుకోవడం పెళ్ళినాటి నుంచీ అలవాటు.

"ఇది హాలమ్మా. అంతా నా ఆలోచనే" అని మొదలుపెట్టాడు. నేను ఒక అడుగు పక్కకు వేశాను. గోడ ఆయన మీదికి వంగింది. ఇంకో అడుగు వేశాను. లేని గోడను పట్టుకోబోయి తూలాడు. నాకు కడుపు నిండినట్టయింది, దాచడమెందుకు.

"ఏమప్పా, కట్టకముందే పడిపోతాండాదే నీ ఇల్లు!" అంది సుబ్బలక్ష్మమ్మ.

ఆయన గిరుక్కున నావైపు తిరిగాడు. "ఏం చెడిపోయింది? సరిచెయ్యి!"

"తయారుచేసింది మీరే గదా. మీరే సరిచెయ్యండి."

కెమెరాల వైపు చూశాడు, స్విచ్చుల వైపు చూశాడు. ఏది ఎందుకో ఒక్కటీ తెలియదు. అప్పుడు నా ముఖం మీది పూసలు కనిపించాయి. "అవి ఈడ పెట్టి, పోయి కాఫీ తే" అన్నాడు పళ్ళు కొరుకుతూ.

నేను కళ్ళద్దాలను ముక్కు మీద ఇంకాస్త సర్దుకున్నాను.

"సుబ్బలక్ష్మమ్మగారూ, మీరు వచ్చి నా పక్కన నిలబడండి. ఇల్లు సక్కంగా కనపడతాది. కాఫీ మా ఆయన తెస్తాడు."