తోడల్లుడి పళ్ళు

ఆరేళ్ళుగా పళ్ళ మేస్త్రి దేవుణ్ణి అడుగుతున్నది ఒక్కటే: తన తోడల్లుడి పళ్ళు రాలిపోవాలని. కాళ్ళు పడిపోవాలనో, కొంప తగలబడాలనో అడగలేదు. కట్టుడుపళ్ళు చేసి బతికే మనిషి, ఎవరి వృత్తికి తగ్గట్టు వాళ్ళు శపిస్తారు. పైగా పూర్వపు భక్తులు కూడా దుర్మార్గుల పళ్ళు విరగ్గొట్టమని మొరపెట్టుకున్నారని చర్చిలో విన్నాడు. కాబట్టి ఆ ప్రార్థనలో తప్పేమీ లేదనే అనుకున్నాడు.

కారణం లేకపోలేదు. అప్పట్లో ఇద్దరూ ఒకే ల్యాబులో పక్కపక్క బల్లల దగ్గర పనిచేసేవారు. తోడల్లుడు చేసిన పళ్ళ సెట్టు కొక్కెం ఒకటి ఓ ముసలావిడ నోట్లో విరిగి కడుపులోకి పోయింది. పొట్ట కోసి తీయాల్సివచ్చింది. ప్రతి సెట్టు వెంట చేసినవాడి సంతకంతో ఒక చీటీ ఉంటుంది. విచారణ రోజు పొద్దున ఆ చీటీ తీసి చూస్తే తోడల్లుడి సంతకం చెరిపేసి ఉంది. ఆ చోట మేస్త్రి పేరుతో దొంగ సంతకం ఉంది. "మా తమ్ముడే సార్. ఇంట్లో ఏవో చికాకులు. ఈ ఒక్కసారికి క్షమించండి" అని తోడల్లుడు మేనేజరు ముందు కళ్ళనీళ్ళు కూడా పెట్టుకున్నాడు. మేస్త్రి నోరు తెరిచేలోపే ఉద్యోగం పోయింది, పేరూ పోయింది.

ఆ తర్వాత చూడాలి తోడల్లుడి వైభవం! ముందు ల్యాబులో పెద్ద అయ్యాడు, తర్వాత ల్యాబే ఆయనదయింది, ఆ పైన ఇంకొకటి పెట్టాడు. పట్టిందల్లా బంగారం. చర్చిలో సంఘపెద్దగా కూడా ఎన్నుకున్నారు. మేస్త్రి ఉపవాసాలున్నాడు, ఆయనకేమో ఒళ్ళొచ్చింది. మేస్త్రి ఒక దంతవైద్యశాల వెనక, కిటికీ లేని గదిలో, స్పిరిట్ దీపం ముందు మైనం కరిగించుకుంటూ ఉండిపోయాడు. 'పైనున్నాయనకి ఇది కనిపిస్తోందా, లేక చూసీ చూడనట్టు ఊరుకున్నాడా' అని ఒకటికి పదిసార్లు అనుకునేవాడు. అనుకున్నందుకు మళ్ళీ భయపడేవాడు.

ఒకరోజు భార్య బజారు నుంచి వస్తూనే అంది: "విన్నారా? మా బావగారికి చిగుళ్ళ జబ్బట. ఉన్న పళ్ళన్నీ పీకేశారట, పైన ఒక్కటీ కింద ఒక్కటీ లేకుండా."

"స్తోత్రం!" అన్నాడు మేస్త్రి, నోరు అదుపులో పెట్టుకునేలోపే.

"సిగ్గులేదూ? ఆయన మా అక్క మొగుడు."

"నాకు మాత్రం ఏమవుతాడు, మేనమామా?"

ఆ సంతోషం నెల తిరగలేదు. తోడల్లుడి ల్యాబుల్లో యంత్రాల మీద మూడు సెట్లు చేశారు. ఏదీ నిలవలేదు. దవడ ఎముక బాగా అరిగిపోయింది, చేత్తో ఒక్కో పన్నూ నిలబెట్టాల్సిన నోరు అది. అలా చేయగలవాళ్ళు ఇప్పుడెక్కడున్నారు? ఓ మంగళవారం పొద్దున వైద్యశాల డాక్టరమ్మ తోడల్లుడి దవడల ప్లాస్టరు అచ్చులు రెండు తెచ్చి మేస్త్రి బల్ల మీద పెట్టింది. "మీ బంధువేనటగా మేస్త్రిగారూ. ఆదివారం చర్చిలో మాట్లాడాలట, పాపం" అని వెళ్ళిపోయింది.

ఆ సంగతి చెప్తే భార్య నవ్వాపుకోలేకపోయింది. "దేవుడు మీ ప్రార్థన ఆలకించాడండీ. ఆలకించి నేరుగా మీ బల్ల మీదికే పంపాడు!"

మేస్త్రికి నవ్వు రాలేదు.

కట్టుడుపళ్ళలో అసలు కిటుకు దవడ పళ్ళ ఎత్తులో ఉంటుంది. ఒక పక్క వెంట్రుకవాసి ఎక్కువైతే చాలు. మైనం మెత్తన కాబట్టి ముందు తెలీదు. గట్టి సెట్టయ్యాక పదిరోజులకి చిగురు ఒరుసుకుని పుండవుతుంది. తిన్న ప్రతి ముద్దా నరకమే. తప్పు ఎక్కడుందో ఏ డాక్టరూ తొందరగా పట్టలేడు, అరిగిన ఎముక మీదికి తోసేస్తాడు. ఆ సాయంత్రం మేస్త్రి ఎడమ పక్క వెనక పన్ను కింద ఇంత మైనం ఎక్కువ పెట్టాడు. పెట్టకపోతే బాగుండునని ఆ తర్వాత అనుకున్నాడు.

ఎందుకంటే ఆరేళ్ళుగా అన్నీ పోయినా, పనిలో ఒక్క అబద్ధం లేదన్నది మాత్రం మిగిలింది అతనికి. అది పట్టుకునే దేవుడి ముందు నిలబడేవాడు. 'నేను నీవాణ్ణి, వాడు కాదు' అని గట్టిగా అనగలిగేవాడు. ఈ పన్ను ఇలాగే వెళ్ళిపోతే రేపటి నుంచి ఆ మాట అనడం కుదరదు. అది తెలిసే పెట్టాడు.

గురువారం మైనం సెట్టు నోట్లో పెట్టి సరిచూసుకోవడానికి తోడల్లుడు వచ్చాడు, వెంట ఆయన భార్య, వదినగారు. పళ్ళు లేక బుగ్గలు లోపలికి పోయాయి గానీ దర్పం ఎక్కడికీ పోలేదు. కుర్చీలో కాలు మీద కాలేసుకున్నాడు.

"ఏం తమ్ముడూ, ఈ కొట్టుగదిలోనేనా నీ కాపురం? గాలన్నా ఆడదేంటి?"

"నీ దయే అన్నయ్యా."

"ఇంకా ఆ పాత పాటేనా!"

వదినగారు కల్పించుకుంది. "అయిపోయిన గొడవలు ఇప్పుడెందుకు మరిదిగారూ? పళ్ళు బాగా కుదిరేలా చూడండి. మీ చేతి పని ఎవరికీ రాదని మేమెప్పుడూ అంటాం."

"అంటారు వదినా. మేనేజరు ముందు మాత్రం అనలేదు."

డాక్టరమ్మ వచ్చి మైనంలో నిలబెట్టిన పళ్ళ పలకలు తోడల్లుడి నోట్లో అమర్చింది. ఒకటి రెండు మాటలు పలికించింది. "ముందు పళ్ళ దగ్గర 'స' ఈల వేస్తోంది. మేస్త్రిగారూ, 'స' ఉన్న మాటలు పలికించి సరిచేయండి, ఇప్పుడే వస్తా" అని పక్క గదిలో పేషెంటు దగ్గరికి వెళ్ళింది.

మేస్త్రి చిన్న కత్తిని దీపం మీద వేడి చేశాడు.

"చెప్పు అన్నయ్యా. 'ఆ సంతకం చెరిపేసింది నేనే.'"

వదినగారు చేతిసంచీలో ఏదో వెతకడం మొదలుపెట్టింది. తోడల్లుడు ఒక్క క్షణం తేలు కుట్టిన దొంగలా చూసి, అంతలోనే నవ్వేశాడు.

"ఓహో, అదా నీ ఎత్తు! నోటిమాటకేం పోయింది తమ్ముడూ. 'ఆ షంతకం చెరిపేషింది నేనే.' చాలా?"

"'స' రావట్లేదు. నోరు తెరువు." మేస్త్రి ముందు పన్నుని కత్తిమొనతో కాస్త లోపలికి జరిపాడు. "మళ్ళీ."

"ఆ సంతకం చెరిపేసింది నేనే" అన్నాడు తోడల్లుడు, గంట కొట్టినట్టు. "అబ్బో, బాగా వచ్చిందే! ఇంకోసారి వింటావా? ఆ సంతకం చెరిపేసింది నేనే, నీ సంతకం చేసింది నేనే. ఇప్పుడు ఆకాశం ఊడిపడిందా? నన్ను పిడుగు కొట్టిందా? చూశావా, దేవుడు కూడా పట్టించుకోలేదు. నువ్వే ఆరేళ్ళు పట్టుకు వేలాడుతున్నావు."

ఈ మాట కోసం మేస్త్రి ఎన్ని రాత్రులు కడుపు మీద తడిగుడ్డ వేసుకుని పస్తు పడుకున్నాడో! తీరా వింటే అది ఒట్టి చప్పుడు. అతని చెవికి తట్టిందల్లా ఒక్కటే, 'స' ఇప్పుడు శుభ్రంగా ఉంది. తన మీద తనకే అసహ్యం వేసింది.

డాక్టరమ్మ తిరిగొచ్చి చేతులు తుడుచుకుంది. "మాట బాగుంది. కొరుకు కూడా చూశారా? ఎత్తు సరిగ్గానే ఉందా మేస్త్రిగారూ?"

ఊఁ అంటే అయిపోయేది. మైనమే కాబట్టి తర్వాత చాటుగా దించుకున్నా అయిపోయేది. మేస్త్రి ఊఁ అనబోయాడు కూడా. అంతలో ఎదురుగా తోడల్లుడి నవ్వు చూశాడు. తానూ అలాంటి మొహమే పెట్టుకుని ఊఁ అనాలని అర్థమైంది.

"లేదమ్మా. ఎడమ పక్క వెనక పన్ను ఎత్తుంది."

"పొరపాటా?"

"కాదు. కావాలనే ఎత్తాను. పుండు పడాలని."

తోడల్లుడు మైనం పళ్ళతోనే ఎగిరి లేచాడు.

"విన్నారా డాక్టరుగారూ! సొంత నోటితో చెప్పాడు! ఆనాటి ముసలావిడ సంగతి కూడా ఇప్పుడు నమ్ముతారా? వీడి బుద్ధే అంత!"

"కూర్చోండి" అంది డాక్టరమ్మ, ఎవరితో అన్నదో తెలియకుండా. తర్వాత మేస్త్రి వైపు తిరిగింది. "దించండి. ఇక్కడే, నా ముందు."

దించాడు. పన్ను తగిలినచోట రంగు అంటించే నీలం కాగితం పెట్టి కొరికించి, మచ్చలు రెండు పక్కలా సమానంగా పడేదాకా దించాడు. చేసినంతసేపూ తోడల్లుడు తిడుతూనే ఉన్నాడు, ఒక్కో తిట్టుకీ 'స' ఇంకా బాగుపడింది. ఆ రోజు నుంచి డాక్టరమ్మ మేస్త్రి చేసిన ప్రతి పన్నూ వెలుతురులో పెట్టి చూడటం మొదలుపెట్టింది. ఆవిణ్ణి తప్పుపట్టడానికీ లేదు.

"చెప్పకుండా దించేస్తే పోయేదిగా!" అని భార్య ఇంట్లో నెత్తి కొట్టుకుంది.

"పోయేది."

"మరి ఎందుకు చెప్పినట్టు? ఆయన చేతికి కర్రిచ్చి కొట్టించుకోడానికా?"

మేస్త్రి తోడల్లుణ్ణి క్షమించాడా అంటే లేదు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతోంది.

కర్ర ఆదివారం పడింది. తోడల్లుడు కొత్త పళ్ళతో మైకు ముందు నిలబడి సాక్ష్యం చెప్పాడు. "సహోదరులారా, సహోదరీలారా! నా సొంత బంధువే, ఈ మందిరంలో కూర్చునేవాడే, నా నోరు పాడు చేయాలని కుట్ర పన్నాడు. ప్రభువు నన్ను కాపాడాడు, శత్రువు నోటితోనే నిజం చెప్పించాడు!" చర్చి అంతా "స్తోత్రం" అంది. ఒక్కో తలా ఇటు తిరిగింది. ఎవరు కట్టుడుపళ్ళు చేస్తారో అందరికీ తెలుసు. ఒక్క 'స' కూడా జారలేదు. అంత బాగా మేస్త్రి ఇంకెవరికీ చేయలేదు.

"లేవండి, పోదాం" అంది భార్య పళ్ళు నూరుతూ. "ఇక ఈ గడప తొక్కితే ఒట్టు."

మేస్త్రి చెవులు కాలిపోతున్నాయి. లేచి, 'నువ్వన్న మాట కూడా చెప్పు అన్నయ్యా' అని అరుద్దామనుకున్నాడు. ఎవరు నమ్ముతారు? వదినగారు నమ్మాలి, విన్నది కాబట్టి. ఆవిడ ముందు వరుసలో తల దించుకుని కూర్చుంది. ఇంతలో పాస్టరుగారు ప్రభుబల్ల దగ్గరికి వెళ్ళాడు, ప్రార్థన చేశాడు. క్రీస్తు శరీరానికి గుర్తుగా అందరికీ పంచే రొట్టె పళ్ళెం సంఘపెద్దల చేతికొచ్చింది. ఈ పక్క వరుసలకి తోడల్లుడే మోసుకొచ్చాడు.

మేస్త్రి ముందు ఆగి, వంగి, ఎవరికీ వినబడకుండా అన్నాడు: "ఏం తమ్ముడూ, నీకు కూడా కావాలా? ఏ మొహం పెట్టుకుని?"

"ఇదే మొహం" అన్నాడు మేస్త్రి. "పళ్ళెం నీ ఇంటి నుంచి తెచ్చింది కాదుగా, నిన్నడగడానికి."

చెయ్యి చాచి ముక్క తీసుకున్నాడు. తోడల్లుడు పళ్ళెం వెనక్కి లాక్కోబోయాడు గానీ, పాస్టరుగారు ఇటే చూస్తున్నాడు. భార్య సగం లేచి నిలబడి ఉంది, మొహం కందగడ్డలా ఉంది. మేస్త్రి ఆమె మోచెయ్యి పట్టుకుని కిందికి లాగాడు.

"ఆయన చేతిదా? నాకొద్దు" అందామె.

"నేనూ ఆయన్ని చూసి రాలేదే" అన్నాడు మేస్త్రి. "కూర్చో. తీసుకో."

ఆమె చాలాసేపు తీసుకోలేదు. వెనక వరుసలవాళ్ళు ఎదురుచూస్తున్నారు. తోడల్లుడు నవ్వు మొహం పెట్టుకుని, పళ్ళెం పట్టుకుని, అలాగే వంగి నిలబడాల్సివచ్చింది.