స్విచ్‌కి చేసిన పూజ

దసరా మర్నాడు పొద్దున చిలకలూరిపేట జిన్నింగు మిల్లు తెరిచీ తెరవగానే పని ఆగిపోయింది. కాటా మీద తూకం పడుతోంది గానీ ఆ అంకె ఆఫీసు కంప్యూటరుకి చేరడం లేదు, చీటీ రావడం లేదు. పత్తి ట్రాక్టర్లు గేటు దాకా బారులు తీరాయి.

"ఏంది నువ్వు చేసిన నిర్వాకం? మధ్యాన్నానికి బాగవకపోతే రేపట్నించి పనిలోకి రాబాకు!" అని యజమాని సాంబశివరావు రైతులందరి ముందూ ఉజ్మా మీద కేకలేశాడు.

ఉజ్మాకి ఒళ్ళు మండిపోయింది. మూడేళ్ళుగా ఆ మిల్లు కంప్యూటర్లన్నీ ఆమె ఒక్కతే చూసుకుంటోంది. నిన్న సెలవు, మిల్లు గడప కూడా తొక్కలేదు. ఆ సంగతి అడిగే ఓపిక లేదా ఈ పెద్దమనిషికి!

విసురుగా స్విచ్ దగ్గరికి వెళ్ళింది. మిల్లులోని కంప్యూటరు వైర్లన్నీ వచ్చి చేరే పెట్టె అది. ఏ కంప్యూటరు వైరు ఏ పోర్టులో గుచ్చి ఉందో గుర్తుపెట్టుకుని, ఎవరి కబురు వాళ్ళకే అందిస్తుంది. అందరికీ చెప్పాల్సిన కబురైతే, అది వచ్చిన పోర్టు తప్ప మిగతా అన్నింట్లోంచీ పంపుతుంది. అంత బుద్ధిగల పెట్టె మీద ఇప్పుడు లైట్లన్నీ పూనకం వచ్చినట్టు కొట్టుకుంటున్నాయి. పైన నిన్నటి ఆయుధపూజ తాలూకు పసుపు, కుంకుమ, బంతిపూల దండ.

ఆడిటరు ల్యాప్‌టాప్ కోసం ఒక కొస స్విచ్‌లో పెట్టి, రెండో కొస వేలాడదీసి ఉంచిన వైరొకటి ఉండాలి. ఆ రెండో కొస కూడా అదే పెట్టెలో, పక్క పోర్టులో ఉంది. తను పంపిన కబురు తనకే తిరిగొస్తుంటే, కొత్తదనుకుని స్విచ్ దాన్ని మళ్ళీ మళ్ళీ అందరికీ చాటుతోంది. ఆ గోలలో కాటా అంకెకి దారెక్కడిది? ఇలాంటి తప్పుని తనే పసిగట్టే స్విచ్ కొందామని ఆమె చెప్తే, చవకది చాలన్నదీ ఈ యజమానే.

వైరు పీకేసింది. లైట్లు కుదుటపడ్డాయి. చీటీ బయటికొచ్చింది.

"ఇది ఇందులో గుచ్చిందెవరు సార్?"

ఆమె వెనకే వచ్చిన సాంబశివరావు కొసకంటిన కుంకుమ చూసి నవ్వేశాడు. "నేనేనమ్మాయ్. పూజ చేసేకాడ వైరు యాలాడుతుంటే చానా అసయ్యంగా ఉందని కాళీ కంతలో పెట్టా. తెలియక చేశాలే. పోయి పని చూసుకో."

"తెలియక నేను చేసుంటే నా ఉద్యోగం పోయేది. అందరి ముందూ తిట్టారు, అందరి ముందే చెప్పండి."

"రైతుల ముందు నా పరువేం కావాల?"

"నాకూ ఉంది సార్ పరువు. మీరు చెప్పేదాకా నేను పనిలో లేనట్టే."

సాంబశివరావు బయటికి నడిచాడు. ముందున్న ట్రాక్టరు దగ్గర నిలబడి, "తప్పు నాదే లేవయ్యా, ఆ పిల్లది కాదు," అని గొణిగాడు.

"నన్ను తిట్టింది గేటు దాకా వినపడింది సార్," అంది వెంట నడిచొచ్చిన ఉజ్మా. "ఇదీ అక్కడిదాకా వినపడాలి."