వెలుతురు తగ్గించే పని

సుందరరాజు ఇంట్లో ‘బావా’ అంటాడు, అంగట్లోకి వచ్చేసరికి ‘వరదయ్యా’ అంటాడు. వరదయ్య కట్టుకున్న దేవకమ్మకు సొంత తమ్ముడు. చిన్నప్పుడు భుజాల మీద ఎక్కించుకుని తిప్పిన పిల్లోడు. వాడు గిరాకీల ముందర పేరు పెట్టి పిలిస్తే వరదయ్యకు చెవుల్లో ఇసుక పోసినట్టుంటుంది. అయినా పలుకుతాడు. పలక్కపోతే రెండోసారి ఇంకా గట్టిగా పిలుస్తాడు.

ఆ పొద్దున కూడా అట్లే పిలిచాడు. వరదయ్య అప్పటికి ఒక కీబోర్డును తలకిందులు చేసి బ్రష్షుతో దులుపుతున్నాడు. బిస్కెట్టు పొడి, రెండు వెంట్రుకలు, ఒక చచ్చిన చీమ రాలాయి.

“వరదయ్యా, ఒకటో తేదీ నుంచి నువ్వు రేణిగుంట గోడౌనులో కూసో. వచ్చే పోయే అట్టపెట్టెలు సూసుకునే పని. ఈ బల్ల మీదికి, కంప్యూటర్లు సదివిన మన గిరికి తోడు ఇంకొకర్ని తెస్తా ఉండా.”

“నేనేం సెడగొట్టినా?”

“సెడగొట్టలేదు. బాగు సేసిందీ లేదు కదా.”

కౌంటరు దగ్గర నిలబడిన ఇద్దరు నవ్వారు. సుందరరాజు బండి తాళాలు తీసుకుని బ్యాంకుకని పోయాడు. వరదయ్య కీబోర్డును మళ్ళీ దులిపాడు. రాలడానికి ఏమీ మిగల్లేదు.

పొట్టి మనిషి. వేళ్ళ కొసలు సోల్డరింగు కాకకు గట్టిపడి చింతగింజల్లా ఉంటాయి. ఏడో తరగతిలో బడి మానేసి రేడియోల అంగట్లో కూర్చున్నాడు. తర్వాత రైల్వే స్టేషను వెనక సందులో ఇదే గదిలో సొంతంగా టీవీలు బాగు చేశాడు. పెద్ద డబ్బా టీవీలు పోయి పలక టీవీలు వచ్చాక బేరాలు పడిపోయాయి. గది ఓనరు అడ్వాన్సు పెంచితే బామ్మర్ది కట్టాడు. అగ్రిమెంటు బామ్మర్ది పేరుకు మారింది. పేరు ఎవరిదైతే ఏం, మనం మనం ఒకటే కదా అన్నది దేవకమ్మ. కంప్యూటర్ల రిపేరని బోర్డు మారింది. బల్ల మాత్రం మారలేదు. ఇప్పుడు అదీ పోతా ఉంది.

కూర్చోలేకపోయాడు. లేచి ఫ్యాను వేగం పెంచాడు, కాగితాలు ఎగిరితే తగ్గించాడు. బయటికొచ్చి టీ చెప్పాడు, టీ వచ్చేలోపల లోపలికి పోయాడు.

పదకొండు దాటాక జయరావు వచ్చాడు. రేణిగుంట జంక్షన్లో పాయింట్స్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. తుండుగుడ్డలో చుట్టిన ల్యాప్‌టాప్‌ను పసిబిడ్డను దించినట్టు బల్ల మీదికి దించాడు.

“గిరి సారు పోయిన వారం దీంట్లో విండోసు కొత్తగా ఎక్కించి ఇచ్చినాడప్పా. అప్పట్నుంచి ఎలుతురు తగ్గడం లా. మా ఇంటామె సంతోషమ్మకు కన్ను ఆపరేషనయింది. సర్చికి పోలేదు, పాటలు దీంట్లోనే సూడల్ల. ఈ ఎలుతురుకు తట్టుకోలేక దుప్పటి కప్పుకుని, సందులోంచి ఒక కన్ను పెట్టి సూస్తాది. దొంగను సూసినట్టు.”

“సాయంత్రం రాప్పా. సేసి పెడతా.”

“రాత్రికన్నా సూపించల్ల. పొద్దు పోకుండా సతాయిస్తా ఉండాది.”

తెర తెల్లగా, బొమ్మలు లావుగా ఉన్నాయి. సూర్యుడి గుర్తున్న మీటలు రెండింటినీ నొక్కాడు. వెలుతురు కదల్లేదు. టీవీకైతే తిప్పడానికి ఒక గుండ్రటి బిరడా ఉండేది. అది పాడైతే వెనక మూత విప్పి లోపలిది తిప్పేవాడు. దీంట్లో తిప్పేది ఏదీ లేదు. గిరి ఎక్కించాల్సిందేదో ఎక్కించలేదని మాత్రం అర్థమైంది. గిరి చిత్తూరులో ఏదో కాలేజీ పని మీద ఉన్నాడు. వరదయ్య జేబులోంచి ఫోను తీశాడు, గిరి నంబరు దాకా పోయి మళ్ళీ జేబులో వేసుకున్నాడు. అడిగితే గిరి చెప్తాడు. చెప్తే అది గిరి చేసిన పనే అవుతుంది. ఈ ఒక్కటి తన చేత్తో చేసి సుందరరాజు ముందర పెడితే బల్ల నిలుస్తుందేమో.

నలుపు తెలుపు టీవీల కాలంలో కళ్ళకు చల్లగా ఉండాలని జనం తెర ముందర నీలం రంగు పలక తగిలించేవాళ్ళు. ఆ సంగతి తట్టగానే షట్టరు సగం దించి, ల్యాప్‌టాప్ చంకలో పెట్టుకుని బయల్దేరాడు.

అలిపిరి పోయే దారిలో దేవరాజులు ట్యాక్సీల అద్దాలకు ఎండ ఫిల్ము అతికిస్తాడు. చూసి తల గోక్కున్నాడు.

“ఇంతవరకు కార్లకే అంటించినా. దీనికి నంబరు ప్లేటు యాడ ఏస్తావు?”

“ఎకసెక్కాలు సాలు గానీ, బుడగ లేకుండా అంటించు. రొంత పలుచనిది ఎయ్యి.”

దేవరాజులు సబ్బునీళ్ళు తెరమీద చల్లబోతే వరదయ్య చెయ్యి పట్టుకుని ఆపాడు. నీళ్ళు ఫిల్ముకే గుడ్డతో అద్ది, రబ్బరు పలకతో పైనుంచి కిందికి నొక్కించాడు. మూలలు తానే బ్లేడుతో కోశాడు. మీట నొక్కితే పొగరంగులో బొమ్మలు మెత్తగా కనిపించాయి. తిరిగొచ్చే దోవంతా ఎండ ఉన్నా వరదయ్యకు తెలియలేదు.

సాయంత్రం జయరావు వచ్చి పాట పెట్టుకుని చూశాడు. ముఖం దగ్గరగా తెచ్చాడు, దూరంగా జరిపాడు.

“ఎంత సల్లగుండాది. దుప్పటి తీసేస్తాది మాయమ్మి.”

వరదయ్య ల్యాప్‌టాప్‌ను తుండుగుడ్డలో చుట్టబోతుండగా సుందరరాజు, బస్సు దిగిన గిరి ఇద్దరూ ఒకేసారి లోపలికొచ్చారు. గిరి తెరను చూసి చేత్తో తడిమాడు.

“వరదన్నా, ఇదేం అంటించినావు? గ్రాఫిక్సు డ్రైవరు నేనే మర్సిపోయినా. తెర వెలుతురు సెప్పినట్టు వినేది దాంతోనే. ఒక ఫోను కొడితే సెప్పేవాణ్ణి కదా.”

సీడీ వేశాడు. తెర మీద చక్రం తిరిగింది. ఆపి మళ్ళీ వెలిగించాక సూర్యుడి మీట నొక్కితే వెలుతురు మెట్లు దిగినట్టు దిగింది. దిగి, ఫిల్ము వెనక మొత్తానికి చీకటైపోయింది.

“మళ్ళీ పెంచు గిరీ,” అన్నాడు వరదయ్య. “పెంచితే ఇందాకటి మాదిరే ఉంటాది.”

“అవునప్పా, అట్లే పెట్టియ్యి,” అన్నాడు జయరావు. గిరి వెలుతురు పెంచి, పాట మళ్ళీ పెట్టాడు.

సుందరరాజు మధ్యలోకి వచ్చాడు. “ట్యాక్సీ ఫిల్ము అంటించిన ల్యాప్‌టాప్ నా అంగట్లోంచి బయటికి పోతే ఊరంతా నవ్వతాది. పీకేస్తా.”

“పీకొద్దు. గమ్ము పట్టేసి ఉంటాది.”

“నువ్వు సెప్పినావని నేను ఇనల్లా?”

మూల లేపడానికి బ్లేడు పెట్టాడు. ఒక్కసారి లాగాడు. ఫిల్ముతోపాటు తెర పైపొర కూడా చర్మం ఊడినట్టు చారలుగా లేచొచ్చింది. పాట పాడుతున్న ఆడపిల్ల ముఖం సగం తెల్లబడిపోయింది, పాట మాత్రం వినిపిస్తానే ఉంది. గిరి మూత మూశాడు.

“సూసినారా పెద్దాయనా, మావాడు సేసిన పని,” అన్నాడు సుందరరాజు. “కొత్త తెర ఏయిస్తా. దీని డబ్బులు వరదయ్య జీతంలోంచి పట్టుకుంటా.”

“ఆయన ఏసింది బాగుండె కదా,” అన్నాడు జయరావు. సుందరరాజు వినలేదు, లేదా వినపడనట్టు లెక్కల పుస్తకం తెరిచాడు.

వరదయ్య వైరు సంచి తీసుకున్నాడు. సోల్డరింగు గన్ను, మీటరు, తన స్క్రూడ్రైవర్లు ఏరుకుని అందులో వేశాడు.

“యాడికి? ఒకటో తేదీ దాకా ఈన్నే ఉండొచ్చు.”

“ఉండను. రేణిగుంటకూ పోను.”

“అక్క అడిగితే ఏం సెప్పమంటావు?”

“నువ్వేం సెప్తే అదే సెప్పు. ఆమె ఎప్పుడైనా నీ మాటే ఇన్నది.”

స్టేషను దాకా జయరావుతో కలిసి నడిచాడు. ముసలాయన చంక ఖాళీగా ఉంది. రెండుసార్లు అలవాటుగా చెయ్యి సర్దుకున్నాడు. ఈ రాత్రికి తానే పాడతానని, గొంతు బాగుండదు గానీ ఆమె తిట్టుకుంటూ అయినా వింటుందని చెప్పాడు. ప్యాసింజరు వచ్చింది. ఆయన ఎక్కాక వరదయ్య సంచి ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుని, ఎటు పోవాలో తేలక ప్లాట్‌ఫారం చివర దాకా పోయి, మళ్ళీ తిరిగి, ఎవరికీ కనిపించకుండా పోయాడు.

వరదయ్య పోగొట్టుకున్నది ఎనిమిదడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడవు గది ఒకటి. దాంట్లో బల్ల కింద, గోడకు ఆనించి, మూల విరిగిన చేతి అద్దమొకటి ఉండిపోయింది. టీవీ వెనక నిలబడి లోపల తిప్పేటప్పుడు ముందర బొమ్మ ఎట్లా ఉందో చూసుకోడానికి కొనుక్కున్నది. ఇప్పుడు దాంట్లో కుర్చీ కాళ్ళు నాలుగు, వాటి వెనక వీధి దీపం కనిపిస్తున్నాయి.