తొమ్మిదో అధ్యాయం పక్కన టిక్కులు

సాఫ్ట్‌వేర్ పరీక్షించే ఉద్యోగంలో ఒక నియమం ఉంటుంది. తప్పు దొరికితే "ఇక్కడ తప్పుంది" అని రాసి చేతులు దులుపుకుంటే కుదరదు. దాన్ని మళ్ళీ ఎలా రప్పించాలో మెట్టు మెట్టుగా రాయాలి. ముక్కూ మొహం తెలియనివాడు చదివి చేసినా అదే తప్పు రావాలి. పిన్నికి ఆఫీసులో ఆ విషయంలో మంచి పేరు. ఆ చేత్తోనే పదిహేనేళ్ళ పిల్లల కోసం నవల కూడా రాసేసింది. తిండి మానేసి రోజురోజుకూ కరిగిపోయే ఒక అమ్మాయి కథ. ఇంట్లోవాళ్ళ కళ్ళు కప్పడానికి ఆ అమ్మాయి చేసే పద్నాలుగు పనులనూ తొమ్మిదో అధ్యాయంలో వరసగా, ఒక్కటీ వదలకుండా పెట్టింది. ఎడిటరు చదివి "కళ్ళకు కట్టినట్టుందమ్మా" అన్నాడు. పిన్ని రెండ్రోజులు నేల మీద నడవలేదు.

ఆమెను పిన్నీ అని పిలిచేది లోకంలో ఒక్కతే, అక్క కూతురు. వాదన మొదలుపెడితే గోడలైనా ఒప్పుకుని తీరాలి కాబట్టి ఇంటిల్లిపాదికీ ఆ పిల్ల ప్లీడరమ్మ. అక్కాబావల ఉద్యోగాలు వేరే ఊళ్ళో. ఇక్కడ స్కూలు బాగుందని ఏడు నెలల కిందట కూతుర్ని పిన్ని ఫ్లాటులో దింపి వెళ్ళారు. "నువ్వున్నావనే ధైర్యమే" అంది అక్క, బస్సెక్కుతూ.

ఆ శనివారం పన్నెండింటికల్లా నవల ప్రెస్సుకి పోవాలి. పదింటికి ప్లీడరమ్మ స్నానానికి దూరగానే పిన్ని వంటగది బల్ల మీద కాగితాల కట్ట విప్పింది. "చదివి చీల్చి చెండాడు" అని మూడు వారాల కిందట ఆ పిల్ల చేతికిచ్చిన కట్ట అది. పెన్సిలు రాతలు చూసి పకపకా నవ్వుకుంది. "మా వయసువాళ్ళు ఇలా మాట్లాడరు పిన్నీ, మధ్యలో నువ్వు దూరావు." "ఈ అబ్బాయి దండగ." కూతురి అవస్థ గమనించని తల్లిని మూడో అధ్యాయంలో పిన్ని కసితీరా ఉతికేసింది. ఆ పేజీల పక్కన మాత్రం ఒక్క రాతా లేదు.

తొమ్మిదో అధ్యాయం తిప్పింది. పదమూడు పనుల పక్కన టిక్కులు. నాలుగోదాని పక్కన ఇంటూ గుర్తు. దాని కింద గుండ్రటి అక్షరాలు: "ఇది పనిచేయదు. రెండో రోజుకే దొరికిపోతాం."

అబ్బ, ఎంత చక్కటి రిపోర్టు, అచ్చం నా పోలికే అని మురిసిపోయింది. నిజంగానే, ఓ రెండు క్షణాలు మురిసిపోయింది. ఆ తర్వాత చూపు 'దొరికిపోతాం' దగ్గర ఆగిపోయింది.

ప్లీడరమ్మ తల తుడుచుకుంటూ వచ్చింది.

"ఇదేంటే?"

"నువ్వే కదా చెండాడమన్నావ్."

"ఈ టిక్కులేంటి?"

"అంటే... నమ్మేలా ఉన్నాయని."

"నాలుగోది పనిచేయదని నీకెలా తెలుసు?"

ప్లీడరమ్మ తువ్వాలు మొహం మీదికి లాక్కుంది.

"ఎవరికి దొరికావే?"

"నీకే."

"నాకా?"

"నువ్వు చూసి అడిగితే, కడుపునొప్పి అని చెప్పా. నువ్వు మాత్రిచ్చి, దుప్పటి కప్పి, వెళ్ళి నీ నవల దిద్దుకున్నావ్."

పిన్ని కుర్చీ కోసం వెనక్కి చెయ్యి చాపింది. కుర్చీ అందలేదు. నేల మీదే కూలబడింది. అంతలో ఫోను మోగింది. ఎడిటరు.

"ఏమ్మా, ఫైలేదీ?"

"తొమ్మిదో అధ్యాయం తీసేస్తున్నా సార్."

"అయ్యయ్యో! గుండెకాయంతా అక్కడే ఉంది కదమ్మా!"

"ఆ జబ్బు ఎలా తెచ్చుకోవాలో రాశాను సార్. ఆ పిల్ల లోపల ఏం జరుగుతోందో ఒక్క ముక్క రాయలేదు."

"ప్రెస్సువాళ్ళు కాచుక్కూర్చున్నారు!"

"కూర్చోనివ్వండి."

పెట్టేసి అక్క నంబరు వెతికింది. ప్లీడరమ్మ ఒక్క అంగలో వచ్చి ఫోను మీద చెయ్యి వేసింది. ఆ మణికట్టు ఇన్నాళ్ళూ రోజూ కంటి ముందే ఉంది. పిన్ని ఇప్పుడే చూసింది.

"అమ్మకి చెప్పావంటే జన్మలో నీతో మాట్లాడను."

"మాట్లాడకు. బతికుండి మాట్లాడకు."

చెయ్యి మెల్లగా జారింది.

"ఏమే, ఇవాళ పొద్దున్నే గుర్తొచ్చానా?" అక్క గొంతు హుషారుగా ఉంది. పిన్ని ముక్కలు ముక్కలుగా చెప్పింది. డాక్టరు దగ్గరికి ఇప్పుడే తీసుకెళ్తున్నానంది, ఉన్నపళంగా బయల్దేరి రమ్మంది.

"ఎన్నాళ్ళ నుంచే?" అంది అక్క.

జవాబు తనకు తెలుసనే అనుకుంది పిన్ని. మూడు వారాలు, కట్ట చేతికిచ్చిన రోజు నుంచి. ఆ పాపం ఒప్పుకోవడానికి సిద్ధపడింది కూడా. ఎందుకైనా మంచిదని పిల్ల వైపు చూసింది. ప్లీడరమ్మ గోడకానుకుని, ఎటో చూస్తూ, ఐదు వేళ్ళు చాపింది.

"ఐదు వారాలా?" అంది పిన్ని, ఫోను చేత్తో మూసి.

"నెలలు. ముందు నాకు కొన్నే తెలుసు. మిగతావి నువ్వు రాశావు."

"ఏమేవ్, ఉన్నావా?" అక్క గొంతు పెంచింది. "ఎన్నాళ్ళ నుంచి?"

"ఐదు నెలలక్కా," అంది పిన్ని. "రోజూ నా ఎదురుగానే కూర్చుని."