ఇద్దరుంటేనే సాగే పడవ

నేను ఒక గేమ్ క్యాసెట్‌ను. అరచేతిలో ఇమిడే పసుపుపచ్చ ప్లాస్టిక్ బిళ్ళను. ఆటల పెట్టెలో గుచ్చి టీవీకి కలిపితే నాలోని నది తెరమీదికి వస్తుంది. ఆ నదిలో ఒక పడవ. ఎడమ తెడ్డు ఒకరు వెయ్యాలి, కుడి తెడ్డు ఇంకొకరు వెయ్యాలి. నన్ను తయారుచేసిన ఒసాకా పెద్దలు నా ఒంటినిండా ఉన్న జపాను అక్షరాలు చూసి, ఇది మన దేశం దాటితే ఎవరికి అర్థమవుతుందని నన్ను బయటెక్కడా అమ్మకూడదన్నారు. మనుషులు గీతలు గీస్తూనే ఉంటారు, ఓడలు వాటిని దాటుతూనే ఉంటాయి.

కోబె రేవు దగ్గర పాతసామాన్ల కొట్టులో పడి ఉన్న నన్ను, ఓడలో పనిచేసే పైడిరాజు కొని విశాఖపట్నం తెచ్చాడు. ఆటల పెట్టె, జపాను టీవీ, దానికి సరిపడా కరెంటు తగ్గించే బరువైన డబ్బా కూడా నాతోపాటే వచ్చాయి. వీటన్నిటికీ చోటు కావాలని అతను హాల్లో ఉన్న వదిన కుట్టుమిషను తీసి వరండాలో పెట్టాడు. ఆ వారమే వాన కురిసింది. మిషను తుప్పుపట్టింది.

పైడిరాజు మళ్ళీ ఓడెక్కి పోయాడు. మాటామాటా పెరిగింది మాత్రం ఆడవాళ్ళిద్దరి మధ్య. వదిన కనకం ఒకటంటే, అతని భార్య నూకరత్నం రెండంది. ఆ తర్వాత తోడికోడళ్ళకి మాటల్లేవు. ఏదైనా చెప్పాలంటే పెరట్లో కోడికి చెప్పేవారు. "కోడీ, కుళాయి వచ్చిందని చెప్పు" అనేది ఒకరు. "కోడీ, నాకు చెవులున్నాయని చెప్పు" అనేది ఇంకొకరు. చూసి చూసి విసిగిపోయి, కనకం మొగుడు, అంటే పైడిరాజు అన్నయ్య దేముడు, హాలుకి అడ్డంగా గోడ కట్టించేస్తానన్నాడు. వాకిట్లో ఇటుకలు దిగాయి.

ఆ మధ్యాహ్నం రత్నం ఒక్కతీ నన్ను పెట్టుకు కూర్చుంది. తెడ్లు తిప్పే మీటల్లో ఒకటి ఒళ్ళో, ఇంకొకటి కాలివేళ్ళ కింద. పడవ బొంగరంలా తిరుగుతోంది. గుమ్మంలో రొయ్యలు ఒలుస్తున్న కనకం పడవవాళ్ళ ఇంటి పిల్ల. ఎంతసేపని ఓర్చుకుంటుంది?

"ఎడం తెడ్డెయ్యే! రాయి గుద్దీస్తాది!"

కోడి కూడా తలెత్తి చూసింది. రత్నం వెనక్కి తిరక్కుండానే కాలికింది మీటని గుమ్మంవైపు జరిపింది. కనకం చెయ్యి చీరకి తుడుచుకుని వచ్చి కూర్చుంది.

ఇక పడవ సాగింది చూడండి! నేను పుట్టాక అంత తిన్నగా ఎవరూ నడపలేదు. అయితే ప్రతి రేవులోనూ ఒక ముసలమ్మ ఎదురొచ్చి ఏదో అడిగేది. కింద రెండు జవాబులు. "సుంకం అడుగుతంది, రెండోది నొక్కీ" అనేది రత్నం. పాపం, ఆ ముసలమ్మ అడిగేది "ఎంత దూరం వచ్చారో, రెండు ముద్దలు తిని వెళ్ళండి" అని. రెండో జవాబు "వద్దు". తిండి లేని పడవవాళ్ళు జలపాతం దగ్గర సొమ్మసిల్లిపోయేవారు. నాకు తెలుసు, చెప్పడానికి నోరేదీ?

మూడోసారి మునిగాక కనకం తెర దగ్గరికి జరిగింది. "ఒసే, దాని సేతిలో గిన్ని సూడు. ఆవిరి కూడా వస్తంది. మనల్ని అడగట్లేదే, పెడతంది!"

"అయ్యో! ఇన్నాళ్ళూ సుంకం అడుగుతందనుకున్నానక్కా!"

అక్కా అన్న మాట నోరు జారి వచ్చేసింది. కనకం మీట కింద పెట్టింది. తర్వాత, "నువ్వేటైనా తిన్నావా పొద్దున్నించి?" అని లేచి వెళ్ళి, ఇద్దరికీ ఒకే పళ్ళెంలో అన్నం కలుపుకొచ్చింది.

మర్నాడు మేస్త్రీ వచ్చేసరికి హాల్లో సందు లేదు. రత్నం తనే మోసుకొచ్చిన కుట్టుమిషను ఒకపక్క, టీవీ ఒకపక్క.

"అమ్మా, గోడ ఎక్కణ్ణించి లేపమంటారు?"

"బాబూ, టీవీకడ్డం రాకు" అంది కనకం.

మేస్త్రీ నాలుగిటుకలు పేర్చుకుని కూర్చున్నాడు. దేముడు ఇంకో నాలుగు పేర్చుకున్నాడు. ఇరుగుపొరుగు ఆడవాళ్ళతో మిగతా ఇటుకలూ ఇంట్లోకొచ్చాయి. గోడకని తెచ్చినవి పీటలైపోయాయి. ముసలమ్మ ఏ రేవులో కనబడినా అందరూ ఒక్క గొంతుతో "తింటాం!" అని అరిచారు. నా అక్షరాలు చదవగలిగినవాళ్ళు కూడా నన్నింత బాగా అర్థం చేసుకోలేదు.

సాయంత్రానికి పడవ జలపాతం దాటింది. హాలంతా చప్పట్లు. నది అయిపోయి తెరనిండా నీలి సముద్రం పరుచుకుంది. ఒడ్డు లేదు, ముసలమ్మ లేదు, దారి గుర్తులు లేవు.

"ఇప్పుడెటెల్లాలక్కా?" అంది రత్నం.

కనకం మీట గట్టిగా పట్టుకుంది.

"ఎటెల్తే ఏటి? తెడ్డెయ్యి."