నోట్లో దారం పెట్టుకున్న ఎలుగుబంటి

నాజియా నోట్లోంచి బయల్దేరినప్పుడు అది ‘అనిమే’నే. కుప్పంలో కంప్యూటర్లు చదివే కూతురు, పుంగనూరులో గుడ్డలు కుట్టే తండ్రికి ఫోన్లో చెప్పింది. “అబ్బా, శనివారం రెండు గంటలకి ఈడ కుప్పంలో అనిమే ఉండాది. నువ్వు లేకుంటే జరగనే జరగదు.” అజ్మతుల్లా చేతిలో కత్తెర ఉన్నందువల్ల ఫోను స్పీకరులో పెట్టాడు. అంగడి మెట్ల మీద కూర్చుని మల్లెపూలు కడుతున్న పాపక్క చెవిలోకి మాత్రం అది ‘ఎనిమా’గా దిగింది.

పుంగనూరులో పుకారు పుట్టడానికి నెలలు నిండనక్కర్లేదు. పొద్దుగూకేసరికి వీధి వీధంతా టైలరు భాయ్ కడుపు గురించే మాట్లాడుకుంది. ఒకాయన అరటిపండ్లు తెచ్చాడు. ఇంకొకాయన ఆముదం సీసా కౌంటరు మీద పెట్టి, “ఇది తాగితే కుప్పం దాకా పోయే పనుండదు భాయ్” అన్నాడు.

“నాకేమీ లేదప్పా! అది జపానోళ్ళ బొమ్మల సినిమా!” అని అజ్మతుల్లా మొత్తుకున్నాడు.

“దీనికి సిగ్గుపడేదేముండాదన్నా? నా తోడికోడలికి రెండుసార్లు సేసినారు” అంది పాపక్క.

అసలు సంగతి వేరు. ఈ ఏడాది జపాను బొమ్మల సినిమాలు నాలుగు, తెలుగు మాటలతో థియేటర్లకొచ్చాయి. వానను సీసాల్లో పట్టి దాచే పిల్ల కథ ఒకటి, చందమామ మీద చేపలంగడి ఒకటి, గాలిపటాల యుద్ధం ఒకటి. నాలుగోదానికి నాజియా తండ్రిని మదనపల్లెకు లాక్కుపోయి చూపించింది. అందులో ఒక బానపొట్ట ఎలుగుబంటి స్టేషన్ మాస్టరు. బండ్లు ఆగిపోయిన స్టేషన్లో రోజూ కోటు తొడుక్కుని పచ్చజెండా ఊపుతుంది. ఊడిన గుండీ తనే కుట్టుకుంటుంది. ఆ గుండీ దగ్గర అజ్మతుల్లా కళ్ళు తుడుచుకున్నాడు. “చంకలో కుట్టు మాత్రం తప్పేసినారు” అని కూడా అన్నాడు.

ఆ నాలుగు సినిమాల్లోని పాత్రలను కాలేజీ వేదిక మీద నిలబెట్టాలి, ఒక్కో పాత్ర ఒక్కో డైలాగు చెప్పాలి. నాజియా వంతుకు ఎలుగుబంటి వచ్చింది. “నువ్వే కుట్టల్ల, నువ్వే తొడుక్కోవల్ల, నువ్వే చెప్పల్ల అబ్బా. మా నాయన టైలరని అందరికీ చెప్పేసినా” అంది. పుట్టి బుద్ధెరిగిన ఇరవై ఏళ్ళలో కూతురు తన సూదిని అడిగింది ఇదే మొదటిసారి. రెడీమేడ్ బట్టలు తన అంగట్లో దర్జీ పనిని ఉంచి దర్జాను ఎత్తుకుపోయాక, ఆయనకు ఇంత గౌరవం ఎవరూ ఇవ్వలేదు. వారం రోజులు మిషను తొక్కుతూనే డైలాగు వల్లె వేశాడు. “బండి రాకపోయినా, రావాల్సినోళ్ళు వస్తారు!”

శనివారం పొద్దున్నే ఆఖరి ట్రయలు. స్పాంజి కడుపు, తలతో కలిపి నల్ల బొచ్చుగుడ్డ ఒళ్ళు, నోటి దగ్గర చూపు కోసం నల్ల వల. ఆయన లోపలికి దూరాడు. భార్య ఇమాంబీ వెనక జిప్పు లాగింది. జిప్పు మెడ దాకా వచ్చినట్టే వచ్చి, నడుం దగ్గర నోరు వెళ్ళబెట్టింది. వేరేది కావాలంటే మదనపల్లెకు పోవాలి. పదిన్నర బస్సు తప్పితే రెండింటికి కుప్పం చేరేది కల్ల.

“కదలాకండి, నేను కుట్టేస్తా” అని ఇమాంబీ సూదిలో జంటదారం ఎక్కించింది. మరో దారప్పోగు తెంపి వల సందులోంచి ఆయన నోట్లో పెట్టింది.

ఒంటి మీద ఉన్న గుడ్డను కుట్టేటప్పుడు నోట్లో దారం పెట్టుకోవాలి, పలకకూడదు. చాలా ఇళ్ళలో కుట్టు ముగిసేదాకానే ఈ కట్టు. ఇమాంబీ పుట్టింట్లో మాత్రం కుట్టు విప్పేదాకా. అజ్మతుల్లా ఒకప్పుడు దీనికి నవ్వేవాడు. పదేళ్ళ కింద ఒంటి మీదే గుండీ కుట్టించుకుంటూ నవ్వి మాట్లాడాడు కూడా. మర్నాడే మోపెడ్ మీంచి పడి కుడి మణికట్టు విరిగింది. నాలుగు నెలలు కత్తెర తుప్పు పట్టింది. అప్పట్నుంచి ఆయనకు నవ్వు రాదు.

బస్సు హారను వినిపించింది. ఇమాంబీ మెడ దాకా కుట్టి ముడేసింది. “విప్పేదాకా నోరు తెరవాకండి, నా మీద ఒట్టు! నాకు పెండ్లి జాకెట్లు ఉండాయి, లేకుంటే నేనూ వస్తును” అంటూ ఎలుగుబంటిని బస్సు దాకా నెట్టుకొచ్చింది.

బస్సు కదిలాకగానీ అజ్మతుల్లాకు తన పరిస్థితి బుర్రకెక్కలేదు. కుట్టు విప్పితే ఎలుగుబంటి ఉండదు. విప్పకపోతే డైలాగు ఉండదు. ఎలుగుబంటయ్యుండీ ఎలుగెత్తే యోగం లేదు! అరుద్దామన్నా, కుడి మణికట్టు అప్పుడే సలపడం మొదలుపెట్టింది.

కండక్టరు వచ్చాడు. “ఆడ ఎలుగా, మగ ఎలుగా? ఆడదైతే టికెట్టు లేదు, ఆధార్ సూపించల్ల.”

ఎలుగుబంటి మగదన్నట్టు తల ఆడించింది. ఆడదన్నట్టు కనిపించింది.

“ఆయన మా టైలరు భాయ్‌లే అప్పా. టికెట్టు నేను తీస్తా” అని వెనక సీట్లోంచి పాపక్క లేచింది. చెల్లెలింటికి కుప్పం పోతోందట. “పాపం, కుప్పంలో రెండుగంటలకి ఎనిమా. సూడు, కడుపు ఎట్ల ఉబ్బిపోయిండాదో!”

బస్సంతా కడుపును చూసింది. సోమల నుంచి వస్తున్న రెడ్డెప్ప అనే రైతు లేచి కిటికీ సీటిచ్చాడు. “ఈ బొచ్చుగుడ్డ యాలమ్మా?”

“ఎవురూ గుర్తుపట్టకుండా ఉంటుందని.”

అజ్మతుల్లా తల అడ్డంగా ఊపాడు. గట్టిగా ఊపాడు. స్పాంజి కడుపు కూడా ఊగింది.

“నొప్పి ఎక్కువైనట్టుండాది. మాట్లాడించాకండి” అన్నాడు రెడ్డెప్ప జాలిగా.

లోపల ఉక్క. చెమట కళ్ళలోకి దిగుతోంది, తుడుచుకుందామంటే చేతులకు పంజాలు. ముక్కు దురద పుట్టింది. తన చేత్తో తనే వారం రోజులు కష్టపడి కట్టుకున్న జైలు. ఎక్కడా సందు లేకుండా కుట్టానని గర్వపడినవాడూ తనే. కుప్పం చేరేలోగా కుప్పకూలిపోతానేమో అనుకున్నాడు. పలమనేరు దాటాక బస్సు ఆగింది. ముందెక్కడో టమోటా లారీ బోర్లాపడిందట. గాలి కూడా ఆగింది. పన్నెండు. పన్నెండున్నర. నాలుక మీద దారం నానిపోయి ముద్దయింది. ఆ డైలాగే లోపల తిరుగుతోంది, బయటికి దారిలేక. రావాల్సినోళ్ళు వస్తారు. వచ్చి ఏం చేస్తారు? మూగ మొహం వేసుకుని కూతురి పరువు తీస్తారు.

పాపక్క ఆయన భుజం మీద చెయ్యి వేసింది. “భయపడాకన్నా. సూది కాదు, కత్తి కాదు.”

కుప్పంలో దిగేసరికి రెండుకు పది నిమిషాలు. “ఆసుపత్రి ఇట్ల కదా!” అని రెడ్డెప్ప చేయి పట్టుకున్నాడు. అజ్మతుల్లా విదిలించుకుని కాలేజీ వైపు పరుగందుకున్నాడు.

“అయ్యో, భయపడి పారిపోతాండాడే!” అని పాపక్క కొంగు బిగించింది. ముందు ఎలుగుబంటి, వెనక రెడ్డెప్ప, ఆ వెనక పూలబుట్టతో పాపక్క. కాలేజీ గేటు దగ్గర వాచ్‌మన్ ముగ్గురినీ ఒకే నాటకం వాళ్ళనుకుని లోపలికి పంపాడు.

వేదిక మీద మైకు పట్టుకున్న భార్గవి, నాజియా క్లాసుమేటు, పిలుస్తోంది. “చివరిగా, మన స్టేషన్ మాస్టర్!” హాలు ఈలలేసింది. నాజియా ముఖం వెలిగింది. తండ్రి పంజా పట్టుకుని నడిమధ్యకు తెచ్చి, పచ్చజెండా అందించింది.

ఎలుగుబంటి పచ్చజెండా ఊపింది. చప్పట్లు. తర్వాత డైలాగు రావాలి. రాలేదు.

“అబ్బా, చెప్పు.”

నల్ల వల వెనక నుంచి అజ్మతుల్లాకు కూతురి ముఖం గళ్ళు గళ్ళుగా కనిపిస్తోంది. ఇమాంబీ మీద ఒట్టు ఒకవైపు, ఈ ముఖం ఒకవైపు. వెనక వరసలో ఎవడో “డైలాగ్ మర్చిపోయినావా తాతా!” అన్నాడు. హాలు నవ్వింది. ఒక నిమిషమే ఉందని భార్గవి వేలు చూపించింది. ఆయన దవడలు వదులయ్యాయి. దారం జారి, దాని కొస వలలోంచి బయటికి వేలాడింది.

తెల్లటి ఆ కొస నాజియా కంట్లో పడింది. టైలరింట్లో పుట్టిన పిల్లకు చెప్పాల్సిన పని లేదు. గబుక్కున వెనక్కి పోయి చూసింది. నడుం నుంచి మెడదాకా, అమ్మ చేతి కుట్టు.

“నోరు తెరవాకు అబ్బా!” అని అరిచి మైకు లాక్కుంది. “కొంచెం వినండి! ఈయన డైలాగ్ మర్చిపోలేదు. జిప్పు పోయుంటే మా అమ్మ ఒంటిమీదే కుట్టేసింది. ఒంటిమీద కుట్టినప్పుడు నోట్లో దారం పెట్టుకోవల్ల. మా ఇంట్లో విప్పేదాకా మాట్లాడకూడదు. పుంగనూరు నుంచి ఇట్లనే వచ్చినాడు. జపాన్ బొమ్మకి తెలుగు గొంతు వేరేవాళ్ళిస్తే మనం ఒప్పుకుంటిమి కదా? మా నాయనకు నేనిస్తా.”

తండ్రి పక్కన నిలబడి, గొంతు లావు చేసుకుని చెప్పింది. “బండి రాకపోయినా, రావాల్సినోళ్ళు వస్తారు!”

ఆ మాటకు సరిగ్గా ఎలుగుబంటి జెండా ఎత్తింది. వారం రోజులు వల్లె వేసిన మనిషి కదా, ఒక్క అక్షరం వెనకబడలేదు. హాలు లేచి నిలబడింది.

భార్గవి కత్తెర తెచ్చింది. నాజియా ఒక్కో కుట్టూ తెంపింది. చెమటలో తడిసి ముద్దయిన అజ్మతుల్లా బయటికొచ్చి, నోట్లోంచి దారం తీసి, మణికట్టు ఒకసారి తిప్పి చూసుకున్నాడు. బాగానే ఉంది.

“అన్నా!” అని హాలు చివరి నుంచి పాపక్క కేక. “అయిపాయనా ఎనిమా?”

మూడున్నర గంటలు మూసిపెట్టిన గొంతు మైకు అవసరం లేకుండా తెరుచుకుంది. “ఎనిమా కాదు పాపక్కా, అనిమే! అనిమే అంటే జపానోళ్ళ బొమ్మల సినిమా! ఈ బట్ట కుట్టింది దానికే. నా కడుపు బాగుండాది, ఉబ్బింది స్పాంజి!”

హాలంతా విరగబడి నవ్వింది. రెడ్డెప్ప వేదిక దగ్గరికొచ్చి, వదిలేసిన ఎలుగుబంటి పొట్టను రెండు వేళ్ళతో నొక్కి చూశాడు. లోపలికి పోయి మళ్ళీ పైకి లేచింది.

“నిజమే మేయ్, స్పాంజే” అని పాపక్కకు చెప్పి, అజ్మతుల్లా వైపు తిరిగాడు.

“నా సీటు ఇచ్చేస్తిని గదప్పా!”