వెనక పైపు నీళ్లు

రేడియేటర్ మూత తీసేముందు పక్కన ఎవరున్నా సరే, రెండడుగులు వెనక్కి జరగమంటాను. వెంకటప్ప జరగలేదు. జరగడం ఆయనకు అలవాటు లేదు.

ఆయనకు పెనుకొండలో ఫిల్టర్ నీళ్ల ప్లాంటు ఉంది. క్యాన్లు నింపి, పాత పికప్‌లో వేసి, చుట్టుపక్కల ఊళ్లకూ రోడ్డు పక్క హోటళ్లకూ పంపుతాడు. బండి తోలేది అల్లుడు మధు. తనకల్లు పిల్లవాడు, నెమ్మదస్తుడు. దీపిక ఒక్కతే కూతురు కాబట్టి వెంకటప్ప అతణ్ని ఇల్లటం తెచ్చుకున్నాడు. తెచ్చుకున్న రోజు నుంచీ, సంతలో కొన్న ఎద్దును ఇంటికొచ్చాక మళ్లీ మళ్లీ పళ్లు పట్టి చూసేవాడిలాగా చూస్తున్నాడు.

సోమందేపల్లిలో హైవే పక్కనున్న నా మెకానిక్ షెడ్డుకు ఆ బండి ఆవిర్లు కక్కుతూ రావడం ఈ వేసవిలో ఇది మూడోసారి. మొదటిసారి ఫ్యాన్ బెల్టు మార్చి, పచ్చ కూలెంట్ నింపి పంపాను. రెండోసారి గొట్టం పగిలితే గొట్టం మార్చాను. ఈసారి బండి వెనకే వెంకటప్ప కూడా మోపెడ్ మీద వచ్చాడు.

"ఈ పొద్దు తేల్చల్ల రఘూ," అన్నాడు. "తప్పు బండిదా, తోలేటోనిదా? తోలేటోనిదైతే తాళం చెవి నా చేతికిచ్చి తనకల్లుకు పోతాడు. నా కూతురు ఈడే ఉంటాది."

మధు అక్కడే నిలబడి ఉన్నాడు. అతనికి వినబడాలనే ఆ మాట అన్నది.

"గేరు దించకుండా తొక్కి తొక్కి ఇంజన్ను చంపుతాండాడు. అడిగితే బండి పాతదంటాడు. ఆడలేక మద్దెల ఓడని!"

నాకు ఇలాంటి పంచాయితీలంటే చిరాకు. ఇంజన్‌కు మామ ఎవరో అల్లుడెవరో తెలియదు. బండి చల్లబడేదాకా ఆగి నా పని నేను మొదలుపెట్టాను.

మూత తీసి, స్టార్ట్ చేయించి చూశాను. నీళ్లలో బుడగలు రాలేదు కాబట్టి హెడ్ గ్యాస్కెట్ పోయిందేమోనన్న అనుమానం తగ్గింది. బెల్టు బిగువుగానే ఉంది, పంపు కారడం లేదు. వేడిని బట్టి నీళ్లను వదిలే థర్మోస్టాట్ చూద్దామంటే అది అసలు లేనే లేదు. బండి వేడెక్కిందంటే చాలు, మావైపు మేస్త్రీలు మొదట దాన్ని పీకి పారేస్తారు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టు ఉంటుంది ఆ వైద్యం. మూత రబ్బరు మాత్రం అరిగిపోయి కొంచెం కొంచెం ఆవిరి పోతోంది. అంతమాత్రానికే ఇంజన్ ఇలా ఉడకదు.

ఇంజన్ ఆపించి రేడియేటర్ జాలీని అరచేత్తో తడిమాను. పైన చెయ్యి చురుక్కుమంది. మధ్యలో గోరువెచ్చగా ఉంది. కింద ఒక మూల చల్లగా తగిలింది. నీళ్లు సరిగ్గా తిరిగితే అంత తేడా ఉండదు. లోపల దారులు మూసుకుపోయాయన్నమాట.

కింద మర విప్పి నీళ్లు వదిలాను. నేను పోసిన పచ్చరంగు జాడే లేదు. సున్నం కలిపినట్టు తెల్లగా వచ్చాయి. పై గొట్టం లాగి చూస్తే మూతి లోపలంతా తెల్లగా పెచ్చు కట్టి ఉంది. స్క్రూడ్రైవర్‌తో గీకితే ముక్క రాలి నా చేతిలో పడింది.

"ఇవి యాడి నీళ్లు?" అని అడిగాను.

మధు తల దించుకున్నాడు. వెంకటప్ప ఛాతీ విరుచుకున్నాడు.

"నేనే పోస్తా. దినామూ పొద్దున్నే మూత తీసి చూసి, తక్కువుంటే నింపుతా. ప్లాంటు నీళ్లే!"

"ఏ పైపువి?"

"వెనక పైపువి. ఊరికే మోరీలోకి పోతాంటాయి కదా. అమ్మే నీళ్లు ఇంజన్‌కు పోస్తారేమప్పా, ఎవురైనా?"

మా బోరు నీళ్లే ఉప్పు. ఆ ఉప్పును వడకట్టి, మంచినీళ్లను క్యాన్లకు పంపి, మిగిలిన చిక్కటి ఉప్పునీళ్లను వెనక పైపు గుండా బయటికి తోసేయడమే ప్లాంటు చేసే పని. ఊరు తాగకుండా వదిలేసిన ఉప్పంతా తెచ్చి ఆయన ఇంజన్‌కు తాగించాడు. ప్రేమగానే తాగించాడు, అది ఒప్పుకోవాలి.

"తోలేటోని తప్పేం లేదన్నా," అన్నాను. "పోసేటోని తప్పు."

వెంకటప్ప ముఖం కందగడ్డ అయింది. నన్నేమీ అనలేక అల్లుడి మీద పడ్డాడు.

"చూస్తానే ఉంటావు కదరా దినామూ! నోట్లో నాలుక లేదా? చెప్పల్ల కదా?"

"చెప్పినా మామా," అన్నాడు మధు. గొంతు పెంచలేదు. "పెండ్లయిన కొత్తల్లోనే చెప్పినా. నా ఇంట్లో సంగటి తింటా నాకే బుద్ధి చెప్తాండావా అంటివి. దీపిక ముందరే అంటివి. ఆ పొద్దు నుంచి ఇంక చెప్పలేదు."

నాకైనా చెప్పి ఉండొచ్చు కదా అనబోయి ఆగాను. మామ గుట్టు మేస్త్రీ దగ్గర విప్పిన అల్లుడు ఆ ఇంట్లో ఒక్కపూటైనా ఉండగలడా?

"తేలింది కదన్నా, నా తప్పు లేదని?" అని మధు నన్నడిగాడు.

"తేలిందప్పా."

అతను తాళం చెవి తీసి వెంకటప్ప చేతిలో పెట్టాడు. "క్యాన్లు ఆటోలో ఎక్కించి పంపినా మామా. హోటలోళ్లకు ఫోన్ కూడా చేసినా. నేను హిందూపురం పోయి, ఆడ కదిరి బస్సు పట్టుకోని తనకల్లుకు పోతా."

రోడ్డు దాటి అవతల బస్సులు ఆగే చోట నిలబడ్డాడు.

వెంకటప్పకు నిజంగానే అర్థం కాలేదు. "తప్పు లేదని తేలినాక పొయ్యేదేంది?" అంటూ కూతురికి ఫోన్ చేశాడు. చెవులు సరిగ్గా వినబడవు కాబట్టి స్పీకర్ పెట్టాడు.

"తేలిందా నాయనా?" అంది దీపిక, ఆయన నోరు తెరిచేలోపలే.

"తేలింది లే. తప్పు లేదంట. ఆయప్ప పోతాండాడు, నువ్వన్నా ఉండమని చెప్పు."

"నేనే పొమ్మంటి నాయనా. తేలకముందు పోతే పారిపోయినాడంటావు, తేలినాకనే పో అంటి. నేనూ గుడ్డలు సర్దుకుంటాండా."

ఫోన్ పెట్టేసింది. వెంకటప్ప బల్ల మీద కూలబడ్డాడు. నాకు జాలేసింది. ఆయన నోరు విప్పేదాకా ఆ జాలి ఉంది.

"రఘూ, ఈ వయసులో నాకు బండి తోలేది వస్తాదా? నేర్పిస్తావా?"

నాకు కోపం నషాళానికి అంటింది. రోడ్డు దాటిపోయి 'ఇంటికి రాప్పా' అని ఒక్క మాట అనడం కంటే, అరవై దాటాక క్లచ్చు తొక్కడమే ఈ మనిషికి సులువనిపించింది.

"బస్సింకా రాలేదన్నా," అని అవతలి వైపు చెయ్యి చూపించాను.

లేచాడు. రోడ్డు అంచుదాకా వెళ్లాడు. లారీలు పోతున్నాయని ఆగాడు. లారీలు పోయాయి. ఆయన ఇంకా అక్కడే నిలబడి ఉండగానే హిందూపురం బస్సు వచ్చింది.